"మే ఐ కమిన్ మేడమ్" అని కన్నకొడుకే అడిగితే

ఈ వారం ఉత్తరం నాగోల్ నుంచి వచ్చింది. రాసినావిడ తన పేరు వేయొద్దన్నారు, స్కూలు పేరైతే అసలే వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకని ముఖ్యమైన సంగతులు మాత్రం చెప్తాను.

ఆవిడకి 37 ఏళ్ళు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ. ఉప్పల్ రింగురోడ్డు దాటాక ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు నుంచి తొమ్మిది దాకా లెక్కలు చెప్తారు, వచ్చే జూన్‌కి అక్కడ చేరి ఐదేళ్ళు నిండుతాయి. జీతం 32,000. బాబు ఏడో తరగతి, పాప యూకేజీ, ఇద్దరూ అదే స్కూల్లో. స్టాఫ్ పిల్లలు కాబట్టి సగం ఫీజు. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉదయం నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతారు, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు, మోకాళ్ళ నొప్పులతో ఎక్కువగా కూర్చునే ఉంటారు. ఫ్లాట్ ఈఎంఐ 31,000.

పొద్దున నాలుగూ ముప్పావుకి లేస్తే టిఫిన్, నాలుగు డబ్బాలు, నల్లా వచ్చే రోజైతే నీళ్ళు పట్టడం. ఎనిమిదిలోపు స్కూటీ మీద పాపని ముందు నిలబెట్టుకుని, బాబుని వెనక ఎక్కించుకుని, కాళ్ళ దగ్గర దిద్దాల్సిన నోట్ బుక్స్ సంచీ పెట్టుకుని బయల్దేరతారు. రోజుకి ఆరు పీరియడ్లు, ఎవరైనా సెలవు పెడితే ఉన్న ఒక్క లీజరూ సబ్‌స్టిట్యూషన్‌కి పోతుంది. సాయంత్రం ఐదింటికి ఇల్లు, మళ్ళీ వంట, హోంవర్కులు, లెసన్ ప్లాన్, పదిన్నర దాకా పేరెంట్స్ గ్రూపులో మెసేజీలు. ఎండాకాలం సెలవుల్లో అడ్మిషన్ల కోసం అపార్ట్‌మెంట్ల చుట్టూ పాంప్లెట్లు పట్టుకుని తిరగడం దీనికి అదనం.

ఇదంతా అలవాటైపోయిందనీ, ఇప్పుడు ఉత్తరం రాయడానికి కారణం వేరే అనీ అంటారావిడ. బాబుకి ఎఫ్‌ఏ (స్కూల్లో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్ష)లో లెక్కల్లో 20కి 9 వచ్చాయి. వాడి సెక్షన్‌కి వేరే మేడమ్ వస్తారు, ఆవిడ స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ "ఏంటి మేడమ్, మన బాబే ఇలాగ" అన్నారు. ఆ రాత్రి కూర్చోబెట్టి భిన్నాలు చెప్తూ మూడోసారికి గట్టిగా అరిచి, పుస్తకం విసిరేశారు. రెండు రోజుల తర్వాత వాడు ఏదో అడగడానికి వంటింటి గుమ్మం దగ్గర ఆగి, చేతులు కట్టుకుని, "మే ఐ కమిన్ మేడమ్" అన్నాడు. అత్తగారు నవ్వారు, ఈవిడా నవ్వారు. తర్వాత బాత్‌రూమ్‌లో పంపు తిప్పుకుని ఏడ్చారు.

"ఊళ్ళో వాళ్ళ పిల్లలకి నలభై మందికి ఓపిగ్గా చెప్తాను, నా కొడుక్కి పది నిమిషాలు చెప్పలేను. మావారిని అడిగితే 'కష్టంగా ఉంటే మానేయ్, నేను చెయ్యమన్నానా' అంటారు. మానేసి ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుందామా అనిపిస్తోంది. సంక్రాంతికి మానెయ్యాలా, ఏప్రిల్ దాకా ఆగాలా? అసలు మానెయ్యాలా?" ఇదీ ప్రశ్న.

అమ్మా, ఉద్యోగం సంగతికి తర్వాత వస్తాను, ముందు బాబు సంగతి. మీరు వాడికి లెక్కలు చెప్పడం మానేయండి. మానెయ్యాల్సింది ఏదైనా ఉంటే మొదట అదీ. పొద్దుటి నుంచి ఆరు పీరియడ్లు అదే సబ్జెక్టు చెప్పి వచ్చిన గొంతుతో, స్టవ్ మీద కుక్కర్ పెట్టుకుని, రాత్రి ఎనిమిదింటికి ఏడో పీరియడ్ మొదలుపెడితే దాంట్లో అమ్మ ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి. వాడు గుమ్మం దగ్గర అన్నది ఎగతాళి అని మీరు అనుకుంటున్నారు, నాకలా అనిపించలేదు. పన్నెండేళ్ళ పిల్లాడు లోపలికి రావచ్చా అని అడిగాడంటే ఎవరు ఉన్నారో చూసుకుని రావాలనుకున్నాడు, అంతే. స్కూల్లో "మ్యాథ్స్ మేడమ్ కొడుకు" అనిపించుకోవడం వాడికి ఎంత బరువో కూడా ఒకసారి ఆలోచించండి. మామూలు పిల్లాడికి 9 వస్తే 9 వచ్చినట్టు, వీడికి 9 వస్తే స్టాఫ్ రూమ్‌లో వార్త.

మీ స్కూల్లోనే సైన్స్ చెప్పే మేడమో, అపార్ట్‌మెంట్లో ఇంటర్ ఎంపీసీ చదివే అమ్మాయో ఎవరో ఒకరు ఉంటారు. వారానికి మూడు రోజులు అరగంట వాడికి భిన్నాలు చెప్పమనండి, మేడమ్ అయితే బదులుగా వాళ్ళ పిల్లకి మీరు ఆదివారం ఒక గంట చెప్పండి, ఇంటర్ అమ్మాయి అయితే డబ్బివ్వండి. పరాయి పిల్లకి చెప్పేటప్పుడు మీకు ఓపిక ఎలాగూ వస్తుంది, అది మీ తప్పు కాదు, అందరికీ అంతే. నేనూ మా అమ్మాయికి స్కూటీ నేర్పించబోయి రెండో రోజే మానేశాను, వాళ్ళ మేనమామ నాలుగు రోజుల్లో నేర్పించాడు.

ఇక ఉద్యోగం. "కష్టంగా ఉంటే మానేయ్" అనే మాట వినడానికి చాలా ఉదారంగా ఉంటుంది. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు, నిజంగానే మీ కష్టం చూడలేక అనుంటారు. కానీ ఆ మాటకి ఆయన ఖర్చు పెట్టాల్సిందేమీ లేదు చూశారా. మానేస్తే పోయేది మీ జీతం, మీ చదువు, మీకంటూ ఉన్న ఆ ఎనిమిది గంటలు. మానెయ్యకుండా తేలిక చెయ్యాలంటే మాత్రం ఆయన రోజు కొంచెం మారాలి. రెండోదాని గురించి మీ ఇంట్లో మాటే వచ్చినట్టు లేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను, "ఆయన ఫలానా పని చేస్తారు" అనే వాక్యం ఒక్కటీ దొరకలేదు, కరెంటు బిల్లు తప్ప.

ప్రభుత్వం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి దాని మీద 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. మీరు ఉద్యోగం మానేసినా ఈ 289 తగ్గదు, ఇంట్లోనే ఉంటున్నావు కదా అని ఇంకో వంద కలుస్తాయి. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, గ్యాస్ సిలిండర్ కోసం కాచుక్కూర్చోవడం, చుట్టాలు వస్తే రెండు పూటలా వంట, అన్నీ మీ ఖాతాలోకే వస్తాయి.

ఇప్పుడు ట్యూషన్ల సంగతి. లెక్కల ట్యూషన్‌కి పిల్లలు ఎప్పుడొస్తారు? స్కూలు అయ్యాక, ఐదున్నర నుంచి ఎనిమిది దాకా. మీ బాబు, పాప ఇంట్లో ఉండేదీ అప్పుడే. అంటే ఏ సాయంత్రం కోసం మీరు ఉద్యోగం మానేస్తున్నారో సరిగ్గా ఆ సాయంత్రాన్నే ట్యూషన్‌కి అమ్ముతారు. హాల్లో పదిహేను మంది చెప్పులు, అత్తగారు టీవీ పెట్టుకోలేక లోపల గదిలో, మీ బాబు ఆ పదిహేను మందిలో పదహారోవాడు. పొద్దున ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మీరు ఖాళీ, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు మీరు బిజీ. ఆన్‌లైన్ క్లాసులకైనా అంతే, వాటి గిరాకీ కూడా సాయంత్రాలూ ఆదివారాలే. డబ్బు మాటకొస్తే, పేరు వచ్చాక ట్యూషన్లు బాగానే ఇస్తాయి, కాదనను, కానీ పేరు రావడానికి రెండు పరీక్షల సీజన్లు పడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో రాబడి దాదాపు ఉండదు, ఈఎంఐకి మాత్రం ఎండాకాలం సెలవులుండవు. పోనీ ఉద్యోగం చేస్తూనే సాయంత్రం నలుగురికి చెప్దామంటే, 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అంటోంది. ఎంతమంది పాటిస్తున్నారో మీకూ నాకూ తెలుసు, అయినా మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోనూ అదే షరతు ఉండే అవకాశం ఉంది, చూసుకోండి.

సంక్రాంతికా, ఏప్రిల్‌కా అని అడిగారు. రెండూ వద్దు. మానెయ్యాలనే గట్టిగా అనుకుంటే జూన్‌లో ఐదేళ్ళు నిండాక మానేయండి. కారణం గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి చేసినందుకు ఉద్యోగం మానేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు. ప్రైవేటు స్కూలు టీచర్లకి గ్రాట్యుటీ వర్తిస్తుందని చాలామంది టీచర్లకే తెలియదు. 2009లో చట్టం సవరించి టీచర్లని కూడా చేర్చారు, 1997 ఏప్రిల్ నుంచి వర్తించేలాగ. స్కూళ్ళ యాజమాన్యాలు దాని మీద కోర్టుకి వెళ్తే 2022లో సుప్రీంకోర్టు టీచర్ల వైపే తీర్పు చెప్పింది. పదిమంది, ఆ పైన స్టాఫ్ ఉన్న చోట, ఐదేళ్ళు ఆగకుండా చేసినవాళ్ళకి ఇది హక్కు. లెక్కల టీచర్‌కి నేను లెక్క చెప్పడం బావుండదు గానీ, చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, ఎన్నేళ్ళు చేస్తే దాంతో హెచ్చించాలి. మీ బేసిక్ 20,800 అనుకుంటే రోజుకి 800, పదిహేను రోజులకి 12,000, ఐదేళ్ళకి 60,000. ఏప్రిల్‌లో మానేస్తే ఒకట్రెండు నెలల తేడాతో దీన్ని చేజార్చుకుంటారు. నాలుగేళ్ళ మీద 240 రోజులు పనిచేస్తే చాలని కొన్ని హైకోర్టు తీర్పులు ఉన్నాయి, కానీ ఆ తీర్పు కాగితం పట్టుకుని కరస్పాండెంట్ సార్‌తో వాదించే ఓపిక మీకుందా? జూన్ దాకా ఆగడం తేలిక. పీఎఫ్ ఉంటే దాన్ని తీసెయ్యకండి, యూఏఎన్ నంబర్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబర్) మీద అలాగే ఉంచండి, మీరు పీఎఫ్ పెన్షన్ స్కీములో ఉంటే దానికి పదేళ్ళ సర్వీసు కావాలి, మీకు దాదాపు సగం అయింది.

జీతం 32,000 అని రాశారు గానీ మీ ఉద్యోగం విలువ అంతకన్నా ఎక్కువ. ఇద్దరు పిల్లల సగం ఫీజు ఏడాదికి ఎంత మిగులుతోందో పన్నెండుతో భాగించి జీతానికి కలిపి చూడండి. మానేసిన రోజు ఆ రాయితీ కూడా పోతుంది. అప్పుడు ఈఎంఐ మొత్తం ఒక్క జీతం మీద, ఆయన ఉద్యోగానికి ఏమీ కాకూడదని రోజూ దణ్ణం పెట్టుకుంటూ. ఈ టెన్షన్ ఇప్పుడున్న దానికన్నా చిన్నదేం కాదు.

ఇంటి దగ్గర చిన్న స్కూలుకి మారడం అనేదీ ఒక దారి, మీరు రాయలేదు గానీ ఆలోచించే ఉంటారు. జీతం ఏడెనిమిది వేలు తగ్గొచ్చు, ఉప్పల్ ట్రాఫిక్ తప్పుతుంది, రోజుకి గంట కలిసొస్తుంది. కాకపోతే గ్రాట్యుటీ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు, పిల్లల్ని కూడా మార్చాలి, కొత్తగా వచ్చిన టీచర్‌కి ఎలాంటి టైమ్‌టేబుల్ ఇస్తారో మీకు తెలియనిది కాదు, భోజనం తర్వాత మూడు పీరియడ్లూ వరసగా పడతాయి. ప్రభుత్వ టీచర్ ఉద్యోగానికి డీఎస్సీ రాయమని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది కాబట్టి ఆ కాగితం ఉంటే పదిలంగా పెట్టుకోండి, కానీ రాత్రి పదకొండుకి పడుకునే మనిషి ఈ ఏడాది డీఎస్సీకి చదవడం జరిగే పని కాదు.

ఉండిపోవడం అనే దారిలో ఏం చెయ్యొచ్చో చూద్దాం, నాకు మీ ఉత్తరంలో ఎక్కువ ఖాళీ కనబడింది ఇక్కడే. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కి 42 మంది అని రాశారు. 168 నోట్ బుక్స్. ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకున్నా 336 నిమిషాలు, ఐదున్నర గంటల పైమాటే. వారానికి ఒకసారి అన్నీ దిద్దాలని రూలు, అందుకే శుక్రవారం రాత్రి సంచీ ఇంటికొస్తోంది. రోజుకి ఒక వరస పిల్లల పుస్తకాలు క్లాసులోనే, వాళ్ళు లెక్క చేస్తున్నప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ దిద్దితే వారానికి క్లాసు మొత్తం అవుతుంది. ఎక్కాలు, తేలిక లెక్కలు పక్కవాడితో మార్చుకుని దిద్దించండి. ఇన్‌ఛార్జ్ మేడమ్ మొదట మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి, ఇన్‌స్పెక్షన్‌లో పుస్తకాలు దిద్ది ఉన్నాయా లేదా అనేదే చూస్తారు గానీ మీ డైనింగ్ టేబుల్ మీద దిద్దారా అని ఎవరూ అడగరు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో టీచర్‌కి వారానికి కనీసం 45 గంటల పని అని రాసి, పాఠానికి తయారయ్యే సమయం కూడా దాంట్లోనే కలిపారు. అంటే ప్రిపరేషన్ కూడా పనే అని చట్టమే ఒప్పుకుంది, మన ఇళ్ళల్లోనే ఇంకా ఒప్పుకోలేదు.

వచ్చే ఏడాదికి క్లాస్ టీచర్ బాధ్యత వద్దని ఇప్పుడే, డిసెంబర్‌లోనే, కాగితం మీద రాసి ఇవ్వండి. జూన్‌లో అడిగితే టైమ్‌టేబుల్ అయిపోయిందంటారు. ఒప్పుకుంటే పేరెంట్స్ గ్రూపు కూడా దాంతోపాటే పోతుంది. ఒప్పుకోకపోతే కనీసం గ్రూపులో "రాత్రి 7 తర్వాత మెసేజీలకి మర్నాడు ఉదయం జవాబిస్తాను" అని పెట్టి, నిజంగానే ఇవ్వకండి. మొదటి వారం ఇద్దరు పేరెంట్స్ ఆఫీసుకి ఫిర్యాదు చేస్తారు, ఒకసారి పిలిచి అడుగుతారు కూడా, దానికి సిద్ధపడండి. లెక్కల టీచర్లు అంత తేలిగ్గా దొరకరు, ఆ సంగతి మీ మేనేజ్‌మెంట్‌కి మీకన్నా బాగా తెలుసు.

ఇంట్లో మాట. మీవారికి మెట్రోలో నాగోల్ నుంచి రాయదుర్గం దాకా గంట, తిరిగొచ్చేటప్పుడు ఇంకో గంట, చేతిలో ఫోను. పాలు, కూరగాయలు, అత్తగారి మందులు, స్కూల్ యాప్‌లో హోంవర్కు చూడటం, పాప ఫ్యాన్సీ డ్రెస్‌కి ఏం కావాలో ఆర్డర్ పెట్టడం, ఇవన్నీ ఆ రెండు గంటల్లో అయ్యే పనులు. "సాయం చెయ్యండి" అని మాత్రం అడగకండి. సాయం అంటే పని మీదే, ఆయన ఒక చెయ్యి వేస్తారని. ఫలానావి ఇక నుంచి మీవి, నేను గుర్తు కూడా చెయ్యను అనండి. మొదటి నెలలో ఒకరోజు పాలుండవు, ఒకరోజు పాప యెల్లో డే నాడు నీలం గౌనులో వెళ్తుంది. వెళ్ళనివ్వండి. మీరు మధ్యలో దూరి సర్దేశారంటే ఆ పని శాశ్వతంగా వెనక్కి వచ్చేస్తుంది. ఆయన కుదరదు అంటే, అప్పుడు "మానేయ్" అన్న మాటకి అర్థం ఏమిటో మీకు స్పష్టంగా తెలుస్తుంది, మీ నిర్ణయం దాన్నిబట్టి వేరేగా ఉండొచ్చు.

వారానికి మూడు సాయంత్రాలు కర్రీ పాయింట్ నుంచి కూర, పప్పు తెచ్చుకోండి, అన్నం ఒక్కటి ఇంట్లో వండండి. హైదరాబాద్‌లో ఉంటూ ఈ సుఖం కూడా వాడుకోకపోతే ఎలా? అత్తగారికి బయటి కూర పడదని రాశారు. ఆవిడకి పొద్దుటి పప్పు కొంచెం తీసిపెట్టండి, మిగతా నలుగురి కూరా మానుకోవద్దు. అన్నట్టు, ఐదో తరగతి దాకా చదివానని ఆవిడ గొప్పగా చెప్పుకుంటారని రాశారు కదా. ఆ తరం వాళ్ళకి పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా కంఠతా వచ్చేవి. మీ బాబుకి రానిది భిన్నాలు! నానమ్మ దగ్గర కూర్చుని ముప్పావు ఎక్కం నేర్చుకోమనండి, మూడు ముప్పావులు రెండుంబావు అని ఆవిడ టక్కున చెప్తుంటే వాడికి ఆశ్చర్యంగా ఉంటుంది, కూర్చున్న చోటి నుంచి లేవక్కర్లేని పని కాబట్టి ఆవిడకీ సరదాగా ఉంటుంది. ఏదీ వర్కౌట్ కాకపోయినా పోయేదేం లేదు.

మీరు మాత్రం ఆ సమయంలో వాడితో లెక్కలు తప్ప ఇంకేదైనా చెయ్యండి. పిండి కలపమనండి, క్రికెట్ స్కోరు అడగండి.

ఇంకొక్కటి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూల్లో ఇచ్చారా? కొన్ని చోట్ల తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు, మానేస్తానన్నాక వాటి కోసం తిప్పుతారు. ఉండిపోయినా, మానేసినా, ఏదో బ్యాంకు పనికి కావాలని చెప్పి ముందు అవి ఇంటికి తెచ్చుకోండి. ఆ తర్వాత అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి నోటీసు ఎన్ని నెలలో చూసి, జూన్ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. ఎప్పటికల్లా తేల్చుకోవాలో ఆ తేదీ చెప్తుంది. అప్పటిదాకా రాజీనామా మాట స్టాఫ్ రూమ్‌లో ఎవరి దగ్గరా అనకండి, ముఖ్యంగా ఆ మేడమ్ దగ్గర.